భారీ తీర్పు, బరువైన హామీలు: శ్రీలంక కొత్త ప్రభుత్వం ముందు ఎవరి లెక్క వారిది

శ్రీలంక ప్రజలు 2024 నవంబరు 14న ఇచ్చిన తీర్పు ఆ దేశ రాజకీయ చిత్రపటాన్ని మార్చివేసింది. అధ్యక్షుడు అనుర కుమార దిసనాయకె నాయకత్వంలోని నేషనల్ పీపుల్స్ పవర్ (ఎన్‌పీపీ) కూటమి 225 స్థానాల పార్లమెంటులో 159 స్థానాలు గెలుచుకుంది. దామాషా ప్రాతినిధ్య విధానం అమలులోకి వచ్చిన తరువాత ఒకే కూటమి మూడింట రెండు వంతుల మెజారిటీ సాధించడం ఇదే మొదటిసారి. గత పార్లమెంటులో ఆ కూటమికి ఉన్న సభ్యులు కేవలం ముగ్గురు. 2019 అధ్యక్ష ఎన్నికల్లో దిసనాయకెకు లభించిన ఓట్లు మూడు శాతం పైచిలుకు మాత్రమే.

ఇంతటి ఆదరణ వెనుక ఉన్నది ఒకే ఆకాంక్ష అనుకుంటే పొరపాటు. ధరల భారం తగ్గాలని కోరిన పట్టణ మధ్యతరగతి, గిట్టుబాటు ధర ఆశించిన వరి రైతు, భూమి తిరిగి రావాలని ఎదురుచూస్తున్న ఉత్తరాది తమిళుడు, రోజు కూలి పెరగాలని అడిగిన తేయాకు తోటల శ్రామికురాలు ఒకే గుర్తుకు ఓటు వేశారు. వారి కోర్కెలలో కొన్ని పరస్పరం పొసగనివి. నవంబరు 21న పార్లమెంటు ప్రారంభ సమావేశంలో అధ్యక్షుడు చేసిన విధాన ప్రకటనను ఒక్కొక్క వర్గం ఒక్కొక్క విధంగా అర్థం చేసుకోవడానికి కారణం అదే.

ఐఎంఎఫ్ గీసిన గీత

కొత్త ప్రభుత్వం తీసుకునే ప్రతి నిర్ణయానికీ హద్దు 2022 నాటి సంక్షోభమే. ఆ ఏడాది ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ రుణాల చెల్లింపును నిలిపివేసింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత అటువంటి స్థితి ఎన్నడూ ఎదురుకాలేదు. సెప్టెంబరు నాటికి ద్రవ్యోల్బణం 70 శాతం దరిదాపులకు చేరింది. ఇంధనం కోసం రోజుల తరబడి బారులు తీరిన జనమే జూలైలో గొటబయ రాజపక్సను దేశం విడిచి వెళ్లేలా చేశారు. ఆయన స్థానంలో వచ్చిన రణిల్ విక్రమసింఘె ప్రభుత్వం 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) నుంచి సుమారు 300 కోట్ల డాలర్ల నాలుగేళ్ల సహాయ కార్యక్రమాన్ని సాధించింది. దానికి ప్రతిఫలంగా పన్నులు పెరిగాయి, విద్యుత్ చార్జీలు పెరిగాయి. 2024 జనవరి నుంచి విలువ ఆధారిత పన్ను 18 శాతానికి చేరింది.

ఈ షరతులను తిరిగి చర్చిస్తామన్నది ఎన్‌పీపీ ఎన్నికల హామీ. నిత్యావసర ఆహార పదార్థాలు, ఔషధాలు, పాఠశాల సామగ్రిపై పన్ను తొలగిస్తామని, నెల ఆదాయంపై పన్ను మినహాయింపు పరిమితిని లక్ష రూపాయల నుంచి పెంచుతామని ఆ కూటమి చెప్పింది. అధికారం చేపట్టిన తరువాత స్వరం మారింది. ఐఎంఎఫ్ కార్యక్రమం నుంచి వైదొలగబోమని అధ్యక్షుడు పార్లమెంటులో స్పష్టం చేశారు. ఆ ప్రకటన వెలువడిన రెండు రోజులకే, నవంబరు 23న, మూడవ సమీక్షపై అధికారుల స్థాయి అంగీకారం కుదిరింది. నిధి కార్యనిర్వాహక మండలి దీనిని ఆమోదిస్తే సుమారు 33 కోట్ల డాలర్లు విడుదలవుతాయని అప్పట్లో అంచనా. అంతకుముందు, అధ్యక్ష ఎన్నికలకు రెండు రోజుల ముందు విక్రమసింఘె ప్రభుత్వం ప్రైవేటు బాండ్ల యజమానులతో కుదుర్చుకున్న సుమారు 1,250 కోట్ల డాలర్ల రుణ పునర్వ్యవస్థీకరణ ఒప్పందాన్ని సైతం కొత్త ప్రభుత్వం అక్టోబరులో ఆమోదించింది.

వ్యాపార వర్గాలు దీనితో ఊరట చెందాయి. మార్క్సిస్టు మూలాలున్న పార్టీ గద్దెనెక్కితే ఒప్పందాలన్నీ తారుమారవుతాయన్న భయం వారిలో ఉండేది. వామపక్ష మేధావులు, కార్మిక సంఘాలలో కొందరి స్పందన ఇందుకు భిన్నం. బాండ్ల ఒప్పందం రుణదాతలకే అనుకూలమని, దానిని యథాతథంగా అంగీకరించడం వల్ల బేరమాడే అవకాశం చేజారిందని వారి వాదన. ఈ వాదనలో బలం ఉంది. ఒకసారి సంతకం చేసిన రుణ షరతులను మళ్లీ తెరవడం దాదాపు అసాధ్యం. అయితే చర్చలు మొదటి నుంచి ప్రారంభిస్తే ఆ జాప్యంలో విదేశీ మారక నిల్వలు, రూపాయి విలువ ఏ తీరుగా ఉండేవన్న ప్రశ్నకు విమర్శకుల వద్ద కూడా తేలికైన సమాధానం లేదు. ప్రాథమిక మిగులును జాతీయోత్పత్తిలో 2.3 శాతం వద్ద నిలపాలన్న లక్ష్యం కొనసాగుతున్నంత కాలం, ఒకచోట తగ్గించిన పన్నును మరొకచోట రాబట్టక తప్పదు. ఎవరి నుంచి రాబట్టాలన్నదే అసలు రాజకీయం. దాని ఆచూకీ 2025 పూర్తిస్థాయి బడ్జెట్‌లోనే తెలియవలసి ఉండింది.

బియ్యం ధర, రైతు ధర

ఇంటి ఖర్చు విషయంలో ప్రజల సహనానికి తొలి పరీక్ష బియ్యం రూపంలోనే వచ్చింది. నవంబరులో నాడు రకం బియ్యానికి కొరత ఏర్పడింది. ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించి ఉన్నప్పటికీ ఆ ధరకు దుకాణాల్లో సరుకు దొరకడం లేదని కొనుగోలుదారులు చెప్పారు. వరి కొనుగోలులో కొద్దిమంది పెద్ద మిల్లర్ల పట్టు అక్కడ ఎన్నో ఏళ్లుగా చర్చనీయాంశం. ప్రతిపక్షంలో ఉండగా ఆ పట్టును తీవ్రంగా ఎండగట్టిన నాయకులే అధికారంలోకి వచ్చాక వారితో ధరల గురించి మాట్లాడవలసి వచ్చింది.

దిగుమతి చేసుకుంటే నగరవాసికి ఊరట. కోతల సమయానికి ఆ సరుకు గిడ్డంగుల్లో ఉంటే రైతుకు నష్టం. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించి దిగుబడులను కూల్చిన నిర్ణయాన్ని శ్రీలంక రైతాంగం ఇంకా మరచిపోలేదు. హెక్టారుకు ఎరువుల సహాయాన్ని 15,000 రూపాయల నుంచి 25,000 రూపాయలకు పెంచుతామన్న ప్రకటనను అందుకే గ్రామాలు స్వాగతించాయి. సొమ్ము సకాలంలో ఖాతాలో పడిందా, పంట చేతికొచ్చాక ధర పలికిందా అన్నవి రైతు వేసే తరువాతి ప్రశ్నలు.

తోటల శ్రామికుల ప్రశ్న మరింత పాతది. బ్రిటిష్ పాలనలో దక్షిణ భారతం నుంచి తరలించిన కూలీల సంతతి నేటికీ కొండ ప్రాంతాల్లో ఇరుకైన వరుస గదుల్లోనే నివసిస్తోంది. రోజుకు 1,700 రూపాయల వేతనం కావాలన్న డిమాండు తోటల యాజమాన్యాల అభ్యంతరాలతో న్యాయస్థానానికి ఎక్కింది. చివరకు 2024లో మూల వేతనం 1,350 రూపాయల వద్ద ఆగింది. నువారా ఎలియాలో సైతం ఎన్‌పీపీని మొదటి స్థానంలో నిలిపిన ఓటర్లు సొంత ఇల్లు, ఇంటి స్థలం హామీని ఆ తరువాత గుర్తు చేశారు.

ఉత్తరాది ఇచ్చిన అరువు

ఈ ఎన్నికల్లో విశ్లేషకులను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది జాఫ్నా. అక్కడి ఆరు స్థానాల్లో మూడింటిని ఎన్‌పీపీ గెలుచుకుని తమిళ పార్టీలను వెనక్కు నెట్టింది. కూటమికి వెన్నెముక అయిన జనతా విముక్తి పెరమున (జేవీపీ) గతం తెలిసినవారికి ఇది చిన్న మార్పు కాదు. 1987 నాటి భారత్-శ్రీలంక ఒప్పందాన్ని, దాని నుంచి పుట్టిన 13వ రాజ్యాంగ సవరణను ఆయుధం పట్టి ఎదిరించిన పార్టీ అది. ఉత్తర, తూర్పు రాష్ట్రాల విలీనం చెల్లదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కూడా ఆ పార్టీ వేయించిన కేసులోనే.

సైన్యం ఆధీనంలోని భూములను యజమానులకు తిరిగి ఇవ్వడం, ఉగ్రవాద నిరోధక చట్టాన్ని రద్దు చేయడం, అదృశ్యమైనవారి ఆచూకీ తేల్చడం ఉత్తరాది ప్రజల ప్రధాన కోర్కెలు. మూడు దశాబ్దాలకు పైగా మూతపడి ఉన్న పలాలి రహదారిని నవంబరు మొదట్లో తెరవడం మంచి సంకేతంగా అక్కడివారు భావించారు. జాతి విద్వేష రాజకీయాలకు చోటివ్వబోమన్న అధ్యక్షుని మాటకు కూడా హర్షం వ్యక్తమైంది. అధికార వికేంద్రీకరణ విషయంలో మాత్రం తమిళ పార్టీలకు సందేహాలు తీరలేదు. రాష్ట్ర మండళ్లకు అప్పటికి పదేళ్లుగా ఎన్నికలు లేవు. కొత్త రాజ్యాంగం తెస్తామంటున్న ప్రభుత్వం ఉన్న కొద్దిపాటి అధికారాలను పెంచుతుందా, తుంచుతుందా అన్నది వారి ప్రశ్న. జనాభాలో దాదాపు పదో వంతు ఉన్న ముస్లింలలో ఒక్కరికీ క్యాబినెట్‌లో చోటు దక్కకపోవడం మరొక అసంతృప్తికి తావిచ్చింది.

ఢిల్లీ చూపు

భారత్‌కు ఈ పరిణామాలు పొరుగింటి ముచ్చట్లు కావు. సంక్షోభ సమయంలో ఢిల్లీ సుమారు 400 కోట్ల డాలర్ల సహాయం అందించింది. కొత్త అధ్యక్షుడు బాధ్యతలు చేపట్టిన రెండు వారాల లోపే విదేశాంగ మంత్రి ఎస్.జైశంకర్ కొలంబో వెళ్లారు. మన్నార్, పూనెరిన్‌లలో అదానీ సంస్థ తలపెట్టిన 484 మెగావాట్ల పవన విద్యుత్ ప్రాజెక్టును రద్దు చేస్తామని ఎన్నికల్లో చెప్పిన ఎన్‌పీపీ, ఒప్పందాన్ని పునఃపరిశీలిస్తామని సుప్రీంకోర్టుకు తెలిపింది. యూనిట్‌కు 8.26 సెంట్ల ధర అధికమని అభ్యంతరం చెప్పినవారు, వలస పక్షుల మార్గానికి ముప్పు వాటిల్లుతుందని ఆందోళన చెందినవారు దీనిని ఆహ్వానించారు. పెట్టుబడులు జారిపోతాయన్న హెచ్చరికలూ వినవచ్చాయి.

పాక్ జలసంధిలో చేపల వేట వివాదం అంతకన్నా సున్నితమైనది. తమిళనాడు మరపడవలు అడుగు వలలతో తమ జలాలను ఊడ్చివేస్తున్నాయని ఫిర్యాదు చేస్తున్నది ఉత్తర శ్రీలంకలోని తమిళ మత్స్యకారులే. అంటే ఎన్‌పీపీకి కొత్తగా ఓటు వేసినవారు. వారి మాట వింటే రామేశ్వరం తీరంలో అరెస్టులపై ఆగ్రహం, వినకపోతే జాఫ్నాలో నిరాశ.

సాకులకు తావులేని మెజారిటీ

ప్రతిపక్షం బలహీనపడింది. ప్రధాన ప్రతిపక్షమైన సమగి జన బలవేగయకు దక్కినవి 40 స్థానాలు. రాజ్యాంగాన్ని సవరించేందుకు కావలసిన 150 మంది కంటే ఎక్కువ సభ్యులు ప్రభుత్వానికి ఉన్నారు. కార్యనిర్వాహక అధ్యక్ష పదవిని రద్దు చేస్తామన్న హామీ శ్రీలంకలో 1994 నుంచి వినిపిస్తూనే ఉంది. పార్లమెంటులో బలం లేదన్న కారణం చూపే వీలు ఈసారి లేదు.

మరొక అంకెను కూడా ప్రభుత్వం మరువరాదు. సెప్టెంబరులో 79 శాతంగా ఉన్న పోలింగ్ నవంబరుకు 69 శాతానికి పడిపోయింది. పార్టీలన్నిటిపై విసిగి ఇంట కూర్చున్నవారి సంఖ్య తక్కువేమీ కాదు. అప్పటికి ప్రజలు వేచి చూశారు. 2022లో ఒక అధ్యక్షుని గద్దె దించిన వీధులు కూడా అప్పటి ఎన్నికల్లో ఆయనకు భారీ మెజారిటీ ఇచ్చినవే. 2019లో గొటబయ రాజపక్సకు 52 శాతం ఓట్లు వచ్చాయి. ఆ తరువాత మూడేళ్లు నిండకముందే ఆయన పదవి పోయింది.