మెట్లు కట్టాం, మాట మరిచాం

దివిసీమలోని నాగాయలంకలో బస్సు దిగి శ్రీరామ పాదక్షేత్రం ఘాట్ దాకా నడిచి వెళ్లిన కొత్త మనిషి అడిగే ప్రశ్న ఒకటే: ‘ఇక్కడ చూడ్డానికి ఏముందండీ?’ టీ కొట్టు దగ్గర వచ్చే జవాబూ దాదాపు ఒకటే: ‘ఏముంటదండీ, ఘాట్ ఉంది, పడవలున్నాయి, అటు పోతే అడవుంది.’ ఆ జవాబు చెప్పిన పెద్దాయన్ని ఇంకో పావుగంట కూర్చోబెట్టండి. 1977 నవంబరు 19న ఉప్పెన ఏ వైపు నుంచి వచ్చిందో, ఏటికి పోటు ఎప్పుడెక్కుతుందో, ఏ నెలలో నీళ్లు ఉప్పుదేరతాయో, పాలు కంట్లో పడితే చూపు పోతుందని భయపడే తిల్ల చెట్టు మడ అడవిలో ఎక్కడెక్కడుందో గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ‘చూడ్డానికి ఏముంది’ అన్నదానికి అదే అసలు జవాబని ఆయనతో ఎవరూ అనలేదు. దివిసీమ యాత్రల్లో ఉన్న లోటంతా ఆయన చెప్పిన మొదటి మాటకూ, తర్వాతి పావుగంటకూ మధ్యే ఉంది.

గురుడు కన్యారాశిలో అడుగుపెట్టినప్పుడల్లా, అంటే పన్నెండేళ్లకోసారి, కృష్ణకు పుష్కరాలు. కిందటిసారి 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగాయి. ఆ సందర్భంలో నది పొడవునా ఘాట్లకు కొత్త మెట్లు, పలకలు, జల్లు స్నానాల కుళాయిలు, బట్టలు మార్చుకునే గదులు వచ్చాయి. మళ్లీ పుష్కరాలు 2028లో. మళ్లీ అంచనాలు వేస్తారు, టెండర్లు పిలుస్తారు. ఆ పద్దుల్లో మనం సరిగా రాయని ఖర్చు ఒకటుంది: యాత్రికుడి పక్కన నడుస్తూ, అతను నిలబడ్డ చోటేదో చెప్పగలిగిన మనిషి. ఈసారి సిమెంటు కన్నా ముందు ఆ మనిషి మీద పెట్టుబడి పెట్టాలి.

కాశీకి వెళ్లొచ్చిన తెలుగువాళ్లను కదిపి చూడండి. విశ్వనాథుడి దర్శనం ఎన్ని నిమిషాలు దొరికిందో ఒక్క ముక్కలో చెప్పేసి, పడవ గురించి ఎక్కువసేపు మాట్లాడతారు. అక్కడివి 84 ఘాట్లు. ఒడ్డున నడిచేవాడికి అవన్నీ ఒకేలాంటి రాతి మెట్లు. పడవవాడు తెడ్డు ఆపి, వచ్చీరాని తెలుగులో ‘హరిశ్చంద్ర ఘాట్’ అంటాడు. ఆ ఒక్క మాటతో చిన్నప్పుడు ఊళ్లో చూసిన నాటకంలోని కాటిసీను కళ్ల ముందుకొస్తుంది. మెట్లు అవే, చూసే కన్ను మారుతుంది. మనవాళ్లకు ఈ తీరు కొత్తదేమీ కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా కాశీయాత్ర చేస్తూ మజిలీలు, ఏరు దాటే రేవులు, దొరికే సరుకులు, ఊళ్ల ఆచారాలు పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. వెనక వచ్చేవాడికి దారి చెప్పడం కూడా యాత్రలో భాగమేనని ఆయనకు తెలుసు.

అయితే కాశీని చూసి భయపడవలసిందీ ఉంది. బస్సు దిగగానే చుట్టుముట్టే దళారులు, మొదట ఒక రేటు చెప్పి నడిగంగలో ఇంకో రేటు అడిగే పడవవాళ్లు, దర్శనం దారిని చీరల కొట్టు మీదుగా తిప్పే గైడ్లు, తోచినట్టు అల్లి చెప్పే కథలు కూడా ఆ ఊరి సంపాదనలో భాగమే. మనం తెచ్చుకోవలసింది అక్కడి మాట, వదిలేయవలసింది అక్కడి బేరం. రెండూ ఒకే పడవలో వస్తాయి కాబట్టే మొదటి రోజు నుంచీ కట్టడి కావాలి.

దివిసీమలో కాశీలాంటి నగరం లేదు కదా అనవచ్చు. నిజమే. ఇక్కడి పుణ్యనగరం ఒకచోట గుమిగూడకుండా కృష్ణ పాయల వెంట పరుచుకుని ఉంది. శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు, మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు, అవనిగడ్డలో లక్ష్మీనారాయణస్వామి, హంసలదీవిలో వేణుగోపాలుడు. వీటిని కలిపే వీధి ఒక్కటే, అది నీరు. ఇప్పుడు కారులో వచ్చేవాళ్లు మోపిదేవిలో పుట్టలో పాలు పోసి, హంసలదీవి దగ్గర సముద్రంలో మునిగి, సాయంత్రానికి బెజవాడ చేరుకుంటున్నారు. మధ్యలో పులిగడ్డ దాటామని చాలామందికి తెలియదు. మహాబలేశ్వరం కొండల్లో పుట్టి దాదాపు 1,400 కిలోమీటర్లు వచ్చిన నది అక్కడే రెండు పాయలుగా చీలి ఈ సీమను దీవిగా చేసింది. అక్కడ ఒక పాయ మీదుగా తీపి నీటిని మోసుకొచ్చే అక్విడక్టు లేకపోతే ఇక్కడ వరి చేను లేదు. ఈ మాట చెప్పకుండా దివిసీమను చూపించడం, గర్భగుడి చూపించకుండా గాలిగోపురం దగ్గర్నుంచే పంపేయడం లాంటిది.

చెప్పవలసినవాటికి కొదవ లేదు. కళింగ దండయాత్రకు వెళుతున్న కృష్ణదేవరాయలు శ్రీకాకుళంలో ఆగి, ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి కలలో ఆంధ్ర మహావిష్ణువును చూశాడనీ, స్వామి తెలుగులో కావ్యం రాయమన్నాడనీ ‘ఆముక్తమాల్యద’ చెబుతుంది. తెలుగు గొప్పదనానికి మనం నిత్యం ఉటంకించే పద్యం పుట్టింది ఆ కలలోనే. అదే స్వామిని వెటకారంగా నిలదీస్తూ కాసుల పురుషోత్తమ కవి ‘ఆంధ్రనాయక శతకం’ రాశాడు. ఆయనది పక్కనున్న పెదప్రోలు. ఒకే దేవుడి ముందు చక్రవర్తి మొక్కాడు, ఊరి కవి దెప్పాడు. ఈ రెండూ ఒక్క మంటపంలో నిలబడి చెప్పగల గైడు ఉంటే, ఆ గుడికి వచ్చినవాడు ప్రసాదంతో పాటు ఇంకొంత పట్టుకెళతాడు. ఇక ఘంటసాల పేరు వినగానే అందరికీ గాయకుడే గుర్తొస్తాడు. ఆ ఊరిది రెండో శతాబ్దంలో టాలెమీ రాసుకున్నంత పాత పేరు. అక్కడి బౌద్ధ స్తూపం ఒకప్పుడు సముద్ర వర్తకుల రాకపోకల మధ్య ఉండేది. కూచిపూడి, క్షేత్రయ్య మువ్వగోపాలుడి మొవ్వ అక్కడికి కూతవేటు దూరమే.

ఇక్కడ ఒక పేచీ ఉంది. స్థలపురాణాన్ని ఎలా చెప్పాలి? అందరి పాపాలూ మోసి నల్లబడిన గంగ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, కృష్ణాసాగర సంగమంలో మునిగి హంసగా మారిందనీ, అందుకే హంసలదీవి అయిందనీ చెబుతారు. దేవతలు ఒక్క రాత్రిలో గుడి కడుతుండగా కోడి కూసిందనీ, గోపురం సగంలో ఆగిందనీ ఇంకో కథ. వీటిని కొట్టిపారేసే గైడు మాకొద్దని భక్తులు అంటారు, ఇవే చరిత్రగా చెప్పేవాడు మాకొద్దని చదువుకున్నవాళ్లు అంటారు. తెలుగులో ఈ పేచీకి పరిష్కారం క్రియాపదంలోనే ఉంది. పురాణానికి ‘అంటారు’, శాసనానికి ‘ఉంది’. మన హరికథకులు ఈ తేడా ఎప్పుడూ పాటించారు. పిట్టకథ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో వినేవాడికి తెలిసేది. గైడుకు నేర్పవలసిన మొదటి వ్యాకరణం అదే.

పురాణం పక్కనే ఈనాటి నిజం కూడా చెప్పాలి. హంసలదీవి గుడి నుంచి సంగమానికి ఇంకా కొన్ని కిలోమీటర్లు పోవాలి. నది వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రే ఈ నేలంతా. ఎగువన ఆనకట్టలు లేచాక ఆ మట్టి వాటి వెనకే ఆగిపోతోంది. ఇప్పుడు కొన్నిచోట్ల సముద్రమే తీరాన్ని కోస్తోంది. ఎండాకాలంలో నాగాయలంక ఘాట్‌లో మునిగేవాడి ఒంటికి తగిలేది చాలావరకు ఎగదన్నిన సముద్రపు నీరు. అదే ఏరు 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద మోసుకొచ్చింది. 2009 అక్టోబరు వరదకన్నా అది ఎక్కువ. ఈ సంగతులు తెలిసినవాడి భక్తి తగ్గదు. నదిలోకి చెత్త విసరబోయిన చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఆగుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చెప్పవలసింది ఉప్పెన. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారు. 1977లో దివిసీమలో అధికారిక లెక్కల ప్రకారమే పది వేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఇంటికొక దీపం ఆరిన ఊళ్లకు టికెట్టు పెట్టి జనాన్ని తిప్పడం తగదు. కానీ చెప్పకపోవడం కూడా తగదు. ఉప్పెన ఎరగని తరం ఇప్పుడు తల్లిదండ్రులు, వాళ్ల పిల్లలకు అది సినిమా పేరు. ఈ కథ చెప్పే హక్కు ఆ ఊళ్లవాళ్లదే. ఏం చెప్పాలో, ఎక్కడ ఆగాలో వాళ్లే తేల్చుకోవాలి. తుపాను షెల్టరు ఎందుకు కట్టారు, కరకట్ట ఎందుకు, మడ చెట్టు నరికితే ఏమవుతుంది అన్న మూడు సంగతులు చెబితే చాలు. ఏడ్పించాల్సిన పని లేదు.

వచ్చే అభ్యంతరాలు తెలియనివి కావు. పుణ్యం కోసం వచ్చేవాడు మునిగి వెళతాడు, గైడుకు డబ్బులెవరిస్తారు అన్నది మొదటిది. కాశీలో, రామేశ్వరంలో ఇస్తున్నది ఇదే యాత్రికుడు. ఇక్కడ ఇవ్వనిది అడిగేవాడు లేక. రెండోది, లాభమంతా పట్నం కంపెనీలు ఎగరేసుకుపోతాయన్న భయం. అది ఉత్తి భయం కాదు. అందుకే లైసెన్సు మనిషికి ఇవ్వాలి, కంపెనీకి కాదు. అదీ ఈ మండలాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ముందు ఇవ్వాలి. మూడోది అడవి. కృష్ణా అభయారణ్యంలోని మడ అడవులు బావురు పిల్లికి ఇల్లు, చేపలకు పుట్టిల్లు. మరపడవల హోరు పెరిగితే రెండూ పోతాయి. కాబట్టి రోజుకు ఎన్ని పడవలు, ఏ పాయ దాకా అన్నది అటవీ శాఖ ముందే గీత గీయాలి. ఆ గీతను కాపలా కాసేదీ చివరికి గైడే, ఎందుకంటే అడవి పోతే మొదట పోయేది అతని కూడే.

అసలు అడ్డంకి ఇంకోటి ఉంది. 2017 నవంబరు 12న, కార్తీకమాసపు ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. నది హారతి చూడబోయినవాళ్లు వాళ్లు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకో పడవ మునిగింది. నీటి మీద యాత్ర అంటే తెలుగువాడి గుండెల్లో గుబులు ఉండటానికి కారణాలున్నాయి. ఏ పాయలో ఇసుకమేట వేసిందో, ఏ గాలికి ఎదురెళ్లకూడదో తెలియని చేతికి స్టీరింగు ఇస్తే జరిగేది అదే. ఏటిమొగ నుంచి ఎదురుమొండికి, ఈలచెట్లదిబ్బకు నిత్యం రాకపోకలు సాగించే మత్స్యకారులకు ఆ తెలివి పుట్టుకతోనే వస్తుంది. వాళ్లకు కావలసింది లైఫ్ జాకెట్లు, పడవ తనిఖీ, బీమా, కాగితం మీద హోదా.

చేయవలసింది పెద్ద పథకమేమీ కాదు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ, మోపిదేవి, ఘంటసాల మండలాల నుంచి కొందరిని ఎంపిక చెయ్యాలి. వాళ్లలో పడవవాళ్లు, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు, డ్వాక్రా మహిళలు ఉండాలి. చరిత్రకు బందరులోని కృష్ణా విశ్వవిద్యాలయం, స్తూపానికి ఘంటసాల మ్యూజియం, నాట్యానికి కూచిపూడి కళాక్షేత్రం, అడవికి అటవీ శాఖ పాఠాలు చెప్పాలి. ఏటి పాఠం మాత్రం రేవులోని పెద్దలే చెప్పాలి, వాళ్లకూ గురుదక్షిణ అందాలి. మొదట తెలుగులో నేర్పాలి, ఎందుకంటే వచ్చేవాళ్లు ఎక్కువమంది తెలుగువాళ్లే. ప్రతి గుడి దగ్గరా, ప్రతి రేవులోనూ రుసుము ఎంతో బోర్డు మీద రాయాలి. 2022లో జిల్లాలు విడిపోయాక దుర్గగుడి ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లింది. కృష్ణా జిల్లాకు మిగిలింది దిగువ కృష్ణ. బందరు కలెక్టరేటుకు ఈ నదీముఖం చిన్న బాధ్యతేమీ కాదు.

ఇదంతా ఫలించిందో లేదో యాత్రికుల లెక్కలతో తేల్చనక్కర్లేదు. మాఘ పౌర్ణమి నాడు సంగమం దగ్గరకు వెళితే తెలిసిపోతుంది. కుటుంబంతో వచ్చిన ఒకాయన చొక్కా విప్పి నీళ్లలోకి దిగబోతాడు. పక్కనున్న నాగాయలంక కుర్రాడు అంటాడు: ‘ఆగండి బాబాయ్, పాటు తీస్తోంది, ఇప్పుడు దిగితే కాళ్ల కింద ఇసుక లాగేస్తది. ఇంకాసేపు కూర్చుందాం, ఈలోపు హంస కథ చెబుతాను.’ ఆయన ఆగి, చొక్కా భుజాన వేసుకుని, పిల్లల్ని దగ్గరికి పిలిచి ఇసుకలో కూర్చుంటే, అప్పుడు దివిసీమకు గైడు వచ్చినట్టు.