ఆర్కిడ్లకి గ్రీన్‌హౌస్ అక్కర్లేదు, నీళ్ళు పోసే పద్ధతి మారాలి

పోస్టు కొంచెం పెద్దదే. తీరికగా చదవండి, కాని సర్వసభ్య సమావేశానికి ముందే చదవండి.

సంఘం భవనం డాబా మీద ఆర్కిడ్ల కోసం పాలిథిన్ గ్రీన్‌హౌస్ వేయించాలని, అందులో ఫ్యాన్లు, తుంపర గొట్టాలు పెట్టించాలని, ఖర్చు సంఘం నిధి నుంచి తీయాలని ఒక ప్రతిపాదన తిరుగుతోంది. పెట్టినవారి మనసు మంచిదే. ఏటా జనవరిలో ఫల పుష్ప ప్రదర్శన కోసం మనవాళ్ళు కడియం వెళ్ళి పూలతో ఉన్న ఆర్కిడ్ కుండీలు తేవడం, నాలుగు రోజులు ఫోటోలు దిగడం, ఉగాది వచ్చేసరికి ఆ మొక్కలు చెత్తబండి ఎక్కడం చూసి విసిగిపోయి అన్నమాట అది. ఆ విసుగు మాకూ ఉంది. కాని "మన యానాం ఎండకి ఇవి బతకవండీ" అన్న దగ్గర మాత్రం మేము ఒప్పుకోం. వాటిని చంపింది ఎండ కాదు, రోజూ రెండుపూటలా గుమ్మరించిన బిందెలు.

మేమంటే ఎవరని అడుగుతారేమో. డాబాల మీదా, పెరటి మామిడి కిందా ఈ మొక్కలు పెంచుకుంటున్న ఏడెనిమిది ఇళ్ళవాళ్ళం. మాలో ఎవరికీ గ్రీన్‌హౌస్ లేదు.

అసలు గ్రీన్‌హౌస్ ఎందుకు పుట్టింది? చలిదేశంలో వెచ్చదనాన్ని లోపల బంధించడానికి. మనకి బంధించడానికి చలి ఏదండీ? మే నెలలో డాబా మీద పాలిథిన్ కప్పితే ఆ లోపల అప్పడాలు వేగుతాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు ధనవంతులు ఇదే పని చేశారు. ఆర్కిడ్లంటే ఉడుకుదేశపు మొక్కలు కదా అని తలుపులన్నీ బిగించి, పొయ్యిలు పెట్టి, ఆవిరి పట్టించారు. ఓడల్లో తెచ్చిన మొక్కలు రాసులు రాసులుగా చచ్చాయి. చాట్స్‌వర్త్ తోటలో జోసెఫ్ పాక్స్‌టన్ లాంటివాళ్ళు కిటికీలు తెరిచి గాలి ఆడనిచ్చాకే పరిస్థితి మారింది. వాళ్ళు వదిలేసిన తప్పుని మనం సంఘం నిధితో కొనుక్కోవడం ఎందుకు? మనకి కావలసింది నాలుగు గుంజలు, సగం ఎండని ఆపే ఆకుపచ్చ నెట్టు, నాలుగు వైపులా గాలి. అంతే.

ఇక నీళ్ళ సంగతి. మనం పెంచే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం చెట్ల కొమ్మలు పట్టుకుని బతికేవి. వాటి వేళ్ళు మట్టిలో ఉండటానికి పుట్టలేదు. వేరు చుట్టూ స్పంజి లాంటి తెల్లటి పొర ఉంటుంది, వెలామెన్ అంటారు. వాన పడగానే పీల్చుకుంటుంది, తర్వాత గాలికి ఆరుతుంది. ఆరడం కూడా దానికి తిండి లాంటిదే. దాన్ని ఎర్రమట్టీ పేడా కలిపిన కుండీలో పాతి, పొద్దునో బిందె, సాయంత్రమో బిందె పోస్తే వేరుకి ఊపిరి ఆడదు. కుళ్ళుతుంది. వేరు కుళ్ళాక మొక్క నీళ్ళు తాగలేదు కాబట్టి ఆకులు వడిలిపోతాయి. వడిలాయి కదా అని ఇంకో బిందె పోస్తాం. యానాంలో ఆర్కిడ్లు చచ్చే కథ ఇదే, ప్రతి ఇంట్లోనూ.

ఎప్పుడు పొయ్యాలని అడిగితే వారానికి ఇన్నిసార్లని లెక్క చెప్పేవాళ్ళని నమ్మకండి. వేరు చూడండి. తడిగా ఉంటే పచ్చగా ఉంటుంది, ఆరితే వెండిలా తెల్లబడుతుంది. తెల్లబడ్డాకే పొయ్యండి. పోసినప్పుడు కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పొయ్యండి, కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకండి. పొద్దుటే పొయ్యాలి. ఫెలనాప్సిస్ ఆకుల మధ్య మొవ్వులో నీళ్ళు రాత్రంతా నిలిస్తే మొవ్వే కుళ్ళిపోతుంది, తర్వాత చేసేదేమీ లేదు. డెండ్రోబియంకి గడల్లో నీళ్ళు దాచుకునే గుణం ఉంది, కాబట్టి ఒకరోజు మరిచిపోయినా ఏమీ అనుకోదు. వాండా వేరు. చెక్కబుట్టలో వేళ్ళు గాలిలోకి వేలాడుతూ పెరుగుతుంది కాబట్టి వేసవిలో దానికి రోజూ కావాలి, వడగాలి రోజుల్లో రెండుసార్లు కూడా. అన్నిటికీ ఒకే గొట్టంతో ఒకే టైముకి తుంపర కొట్టించే మిషను ఈ తేడా ఎలా చూస్తుంది?

కుండీలో ఏం వెయ్యాలన్న దానికి కూడా కొనాల్సిందేమీ లేదు. బొగ్గు, పెంకు ముక్కలు, కాస్త కొబ్బరి డొక్క. డొక్కని కొన్ని రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి వాడండి, అందులో ఉప్పూ వగరూ ఉంటాయి. వానాకాలంలో డొక్క తడి వదలదు కాబట్టి బొగ్గే ఎక్కువ వెయ్యండి.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. మనది సముద్రం పక్క ఊరు. వేసవిలో గౌతమిలోకి పోటు నీరు ఎగదన్నుకొస్తుంది, చాలా ఇళ్ళ బోరు నోట్లో పోసుకోలేం. ఆర్కిడ్ వేళ్ళకి ఉప్పు పడదు. బొగ్గు మీద తెల్లటి పొర కట్టి, ఆకు కొసలు మాడుతున్నాయంటే అదే. వృథా కాకూడదని ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు మొక్కలకి పోస్తున్నవాళ్ళు ఉన్నారు. ఆ మిషను తీసేసిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుందండీ! ఇల్లు కడగడానికి వాడండి, ఆర్కిడ్లకి వద్దు. డాబా మీద పడే వాననీళ్ళు డ్రమ్ముల్లో పట్టి, దోమలు చేరకుండా గుడ్డ కట్టి ఉంచుకుంటే అంతకన్నా మంచి నీళ్ళు లేవు. గ్రీన్‌హౌస్ డబ్బులో కొంత పెడితే సంఘం భవనానికే వాననీటి డ్రమ్ములు వస్తాయి.

"ఇవి మన నేల మొక్కలు కావు" అని ఇంకో మాట. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా మన పక్కనున్న సామర్లకోటలో ఉండి మొక్కలు పరిశీలించాడు. భారతీయ చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. 1795లో లండన్‌లో మొదలైన ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథం మొదటి సంపుటంలోనే మన మామిడి చెట్ల మీద పెరిగే గళ్ళపూల వాండా ఉంది. మన ఎండలోనే, ఏ కప్పూ లేకుండా పూస్తోంది. మనం దాన్ని బదనిక అని గీకి పారేస్తున్నాం. బదనిక కొమ్మలోకి వేరు దింపి రసం తాగుతుంది. వాండా బెరడుని పట్టుకుంటుంది అంతే, చెట్టు నుంచి ఏమీ తీసుకోదు. దయచేసి తోటమాలికి ఈ తేడా చెప్పండి.

అలాగని రేపటి నుంచి తోటల మీద పడి పీక్కురాకండి. ఈ మొక్కల విత్తనం దుమ్ములాంటిది, లోపల తిండి ఉండదు. ఒక రకం బూజు సాయం చేస్తే తప్ప మొలకెత్తదు, మొలిచినా పూతకి ఏళ్ళు పడుతుంది. తుఫానుకి మీ పెరట్లో విరిగిపడ్డ కొమ్మ మీద కనబడితే తీసి ఇంకో కొమ్మకి కట్టండి. కొనాలంటే నర్సరీలో ల్యాబులో పెంచిన మొక్కే అడగండి.

సమావేశంలో గ్రీన్‌హౌస్‌కి మేము చెయ్యి ఎత్తం. మా సవరణ మూడు ముక్కల్లో ఉంటుంది: నెట్టు పందిరి, వాననీటి డ్రమ్ములు, ప్రదర్శన అయ్యాక కుండీలు చెత్తబండికి కాకుండా ఇంటికొకటి పంచడం. తీసుకున్నవాళ్ళకి మొదటి నెల నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో మేమే ఇంటికొచ్చి చూసి చెబుతాం. కాఫీ ఇస్తే చాలు.