పేరు మార్చా... లాగ్ ఆగింది!

పోయినేడాది ఆఫీసులో ఒక చిన్న పని చేశా. 'సేవ్ లిమిట్' అనే ఫంక్షన్ పేరు నచ్చక 'అప్‌డేట్ లిమిట్' అని మార్చా. టెస్టులన్నీ పాస్. ఒక్క ఎర్రర్ లేదు. హ్యాపీగా ఇంటికెళ్లిపోయా.

మూడు వారాలకు ఒక కస్టమర్ ఫోన్ చేశాడు. "నా కార్డు లిమిట్ ఎవరు పెంచారు?" అని. ఆడిట్ లాగ్ తెరిస్తే ఖాళీ! నేను పేరు మార్చిన రోజు నుంచి లిమిట్ మార్పులు ఒక్కటీ నమోదు కాలేదు. అనుమానం సపోర్ట్‌లో పనిచేసే అమ్మాయి మీద పడింది. తను చేయలేదని చూపించడానికి ఆధారమే లేదు.

అసలు ఏం జరిగిందంటే, మేం ఆస్పెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ వాడతాం. జిరాక్స్ కంపెనీ పరిశోధకులు 1997లో పేపర్ రాసి పరిచయం చేసిన పద్ధతి ఇది. లాగింగ్, సెక్యూరిటీ లాంటి కోడ్‌ని ప్రతి ఫంక్షన్‌లో రాయక్కర్లేదు. ఒక్కచోట రాసి, ఎక్కడెక్కడ పనిచేయాలో ఒక రూల్ పెడితే చాలు. ఆ రూల్ పేరు పాయింట్‌కట్.

మా పాయింట్‌కట్ ఏంటంటే, 'సేవ్'తో మొదలయ్యే ఫంక్షన్లను లాగ్ చెయ్యమని. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి "తెల్ల కార్లలో వచ్చేవాళ్ల పేర్లు రాసుకో" అని చెప్పినట్టన్నమాట. ఎవరైనా నల్ల కారు కొనుక్కుంటే రిజిస్టర్‌లో పేరుండదు. తప్పు వాచ్‌మన్‌ది కాదు, ఆ రూల్‌ది.

ఇప్పుడు మా టీమ్ మూడు జాగ్రత్తలు తీసుకుంటోంది.

ఒకటి: పాయింట్‌కట్ ఫంక్షన్ పేరు చూడదు. ఆడిట్ కావాల్సిన ఫంక్షన్ మీద మేం పెట్టిన యానొటేషన్ చూస్తుంది. పేరు మారినా గుర్తు పోదు.

రెండు: లిమిట్ మారిందా అని మాత్రమే కాదు, లాగ్‌లో లైన్ పడిందా అని కూడా టెస్ట్ రాస్తాం.

మూడు: స్ప్రింగ్ మామూలుగా ప్రాక్సీ ద్వారా ఆస్పెక్ట్‌ని నడుపుతుంది. ఒకే క్లాస్‌లో ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని నేరుగా పిలిస్తే ఆ కాల్ ప్రాక్సీ గుండా వెళ్లదు, ఆస్పెక్ట్ పనిచేయదు. అక్కడా ఎర్రర్ రాదు. అందుకే రివ్యూలో ఇది ప్రత్యేకంగా వెతుకుతాం.

చివరికి సర్వర్ లాగులు తవ్వితే, ఆ రిక్వెస్ట్ కస్టమర్ సొంత లాగిన్ నుంచే వచ్చిందని తేలింది. కానీ తేలేదాకా రెండు రోజులు ఆ అమ్మాయి మాతో లంచ్‌కి రాలేదు. నేనే వెళ్లి సారీ చెప్పా.

మీ ప్రాజెక్టులోనూ పాయింట్‌కట్లుంటే ఇవాళే ఒకసారి తెరిచి చూడండి. అవి పేర్లను నమ్ముకున్నాయేమో!