గోతిలోకి దించిన తాళ్లు

బెంగళూరు, చెన్నై నగరాలను తరతరాలుగా ఊడుస్తున్నవారిలో మన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. మ్యాన్‌హోల్‌లోకి దిగినవాడు తిరిగిరాని ఇంటికి మనం ప్రార్థనకు వెళతాం. "దేవుని చిత్తం" అంటాం. ఆ మాట మేమూ అన్నాం, ఇప్పుడు సిగ్గుపడుతున్నాం. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అది దింపినవాడి నేరం, దేవుని చిత్తమెలా అవుతుంది?

యిర్మీయాను బురద గోతిలో పడేసినప్పుడు ఎబెద్మెలెకు నేరుగా రాజు దగ్గరకే వెళ్లి, ఇది అన్యాయమన్నాడు. 30 మందిని వెంటబెట్టుకుని వెళ్లాడు. తాళ్లు ఒరుసుకోకుండా చంకల కింద పాతబట్టలు పెట్టుకోమన్నాడు. (ఆ పాతబట్టల దగ్గర మేము ప్రతిసారీ ఆగిపోతాం.) అతడు దేవుణ్ణి నమ్ముకున్నాడని తర్వాతి అధ్యాయం చెబుతుంది.

కనుక ప్రియులారా, ఆదరణ కూడికకు బైబిలుతో పాటు ఒక కాగితం, కలం తీసుకువెళ్లండి. ఇలాంటి మరణానికి పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుండి 30 లక్షల రూపాయలకు పెంచింది. ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు అడిగి తీసుకోండి. ఆ తల్లి ఆఫీసు మెట్లెక్కే రోజు సంఘం నుండి ఒకరు పక్కన ఉండాలి. దరఖాస్తు కన్నడంలోనో తమిళంలోనో రాయాల్సి వస్తుంది. ఆమెకు రాకపోవచ్చు. అక్కడే బడికి వెళ్లిన మన పిల్లలకు వచ్చు.