ఢిల్లీకి తరలిపోయిన నేరము

2022లో విడుదలైన ‘ఆర్ ఆర్ ఆర్’ చిత్రమును మీలో అనేకులు చూచియుందురు. పాతబస్తీలోని మా సంఘపు యువకులతో కలిసి నేనును చూచితిని. పాదిరికి సినిమా యేల అని ముక్కుమీద వ్రేలు వేసికొనువారికి నా జవాబు ఒక్కటే: మీ పిల్లలు కొమురం భీము కథను అక్కడనే నేర్చుకొనుచున్నారు.

ఏమి నేర్చుకొనుచున్నారు? తెల్లదొర దంపతులు ఒక గోండు బాలికను తీసికొనిపోయిరనియు, భీము ఢిల్లీకి వెళ్లి ఆ దొరతో పోరాడెననియు. ఇది కల్పితమని తీసినవారే చెప్పిరి. అందుకు వారిని తప్పు పట్టను. దొరల విందులోనికి పులులను వదలిన ఘట్టము నాకును నచ్చినది. కాని ఈ కల్పనలో ఎవరి నేరము ఎవరి నెత్తిన పడినదో చూడవలదా?

అసలు భీము పోరాడినది నైజాము ప్రభుత్వముతో. ఆసఫ్ జాహీల దర్బారులు జరిగిన చౌమహల్లా ఈ పాతబస్తీలోనే యున్నది. అడవిని రిజర్వు చేసి పోడు మాన్పించిరి. పశువుల మేతకు పన్ను వేసిరి. గోండుల తాతలనాటి చేలకు బయటివారు పట్టాలు పొందిరి. 1940లో జోడేఘాట్‌లో పోలీసు తుపాకులకు భీము కూలెను. ఆ పట్టాలు పుచ్చుకొన్నవారు ఇంగ్లీషు మాటలాడినవారు కారు. మన భాషలే మాటలాడిరి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై కాల్పులు జరిగిననాడు మనలను ఏలు తెల్లదొర ఒక్కడును లేడు.

“వినోదమే గదా, అయ్యగారూ” అందురు. నాబోతు ద్రాక్షతోటను కోరిన ఆహాబు పరదేశి కాడు, పొరుగువాడు. ఆ నేరమును ఐగుప్తు ఫరోపైకి త్రోసియుండినచో ఇశ్రాయేలీయులకు వినసొంపుగా నుండెడిది. అట్లు త్రోయక, తమ రాజు పేరే వ్రాసిరి.

నార్వే దేశపు ఉత్తరమున రెయిన్‌డీరులను మేపు సామీ జనులు కలరు. వారిలో కొందరు 1852లో కౌటోకైనో గ్రామమున సారా అమ్ము వర్తకునిపై తిరుగబడి, అతనిని, ప్రభుత్వోద్యోగిని చంపిరి; పాదిరిని కొరడాలతో కొట్టిరి. అందుకు 1854లో ఇద్దరి శిరస్సులు ఖండింపబడెను. ఆ కథను 2008లో చిత్రముగా తీసిన నిల్స్ గౌప్ సామీ జాతివాడే. అతడు వర్తకుని విడువలేదు, చర్చిని సైతము విడువలేదు. క్రైస్తవుడు కూర్చుండి చూడవలసిన చిత్రమన్న అట్టిది.

మనకును ఒకటి యున్నది. అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన ‘కొమురం భీం’ యేండ్ల తరబడి పెట్టెలో పడియుండి 2010లో గాని థియేటరుకు రాలేదు. దొరకినచో దానిని సంఘమునకు చూపుడి. పిదప ఆసిఫాబాదు, ఉట్నూరు ప్రాంతములలో పొలములున్న విశ్వాసులు ఇంటికి వెళ్లి, పట్టా కాగితములు తీసి, మొదట ఆ చేను ఎవరి పేరున నుండెనో చదువుడి.