యంత్రం మారినది, చేతికి వ్యవధి ఏది?



గత కొన్ని మాసాలుగా మన ఆఫీసులలో ఒక మార్పు జరుగుతున్నది. దీనికి శంకుస్థాపన లేదు, ప్రారంభోత్సవం లేదు, రిబ్బను కత్తిరించిన మంత్రి లేడు. ఒక సాయంత్రం కంప్యూటరును ఆపి ఇంటికి వెళ్ళిన ఉద్యోగికి మరునాటి ఉదయం తెర మరొక రూపంలో ఎదురవుతున్నది. కుర్చీ అదే, బల్ల అదే, కిటికీ అవతల నిలిచిన వరుస అదే. మారినది కంప్యూటరును లోపల నుండి నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ 10 పోయినది, విండోస్ 11 వచ్చినది.

తెర మీద ఒక బొమ్మ ఎడమ నుండి నడిమికి జరిగితే దాని మీద యూనియన్ పత్రికలో వ్యాసమా అని నవ్వేవారు ఉంటారు. ఉండనిండు. ఒడ్డున కూర్చున్నవానికి లోతు తెలియదు. రోజుకు ఎనిమిది గంటలు ఆ తెర ముందు కూర్చొనేవానికి అది బొమ్మ కాదు, పనిముట్టు. కమ్మరి సుత్తి పిడిని అతనితో చెప్పకుండా మార్చిన యజమానిని ఏమంటామో, దీనిని గురించి కూడ అదే అనవలసి ఉన్నది.

మార్పు ఎందుకు వచ్చినది?

విండోస్ 10 విడుదలైనది 2015 జులైలో. ఇదే చివరి విండోస్ అని ఆ సంస్థ ప్రతినిధి ఒకరు అన్న మాట ఆనాడు ప్రపంచమంతటా ప్రచారమైనది. పదేళ్ళు తిరిగినవి. 2025 అక్టోబరు 14తో దానికి ఉచిత భద్రతా సవరణలు నిలిపివేసినారు. ఇది మొదటిసారి కాదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ఇదే గతి పట్టినది. అనగా ఈ ముహూర్తాలను నిర్ణయించేది రైల్వే బోర్డు కాదు, తపాలా డైరెక్టరేటు కాదు. సముద్రాల అవతల ఒక వ్యాపారసంస్థ తన లాభనష్టాల లెక్క చూచుకొని తేదీ వేస్తుంది. ఆ తేదీకి మన దేశంలోని మారుమూల సబ్ పోస్టాఫీసు గుమాస్తా తన చేతి అలవాటును మార్చుకోవాలి!

పాతదే చాలునా?

ఇక్కడ మన సభ్యులలో కొందరి వాదాన్ని కూడ నిర్మొహమాటంగా ప్రస్తావించవలసి ఉన్నది. పాతది బాగానే నడుస్తున్నది కదా, దానినే ఉంచవచ్చు కదా అని వారంటున్నారు. ఈ వాదం చెల్లదు. సవరణలు అందని కంప్యూటరు గడియలేని తలుపు వంటిది. 2017 మే మాసంలో వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాం ప్రపంచమంతా చుట్టబెట్టినప్పుడు బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులు స్తంభించినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కూడ కొన్ని దాని వాత పడినవి. సవరణలు వేయని యంత్రాలే దానికి ముందుగా చిక్కినవి. సేవింగ్స్ బ్యాంకు ఖాతాదారుని సొమ్ము, సిబ్బంది జీతాల పట్టీలు, గూడ్సు లెక్కలు గడియలేని ఇంటిలో ఉంచుదామని ఏ బాధ్యతగల యూనియనూ అనదు. కనుక మా విమర్శ మార్పు మీద కాదు. మార్పిడి జరుగుతున్న తీరు మీద.

బల్ల దగ్గర కనిపించేది

కౌంటరులో కూర్చున్న ఉద్యోగి చేయి తెర వైపు చూడకుండానే ఎడమవైపు క్రింది మూలకు పోతుంది. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు. ప్రారంభ బొత్తాము నడిమికి వచ్చినది. దానిని తిరిగి ఎడమకు తెచ్చే అమరిక అందులోనే ఉన్నది, నిమిషం పని. కాని అనేక ఆఫీసులలో అమరికలకు తాళం వేసి ఉంచినందున ఆ నిమిషం పని చేసుకొనే అధికారం ఉద్యోగికి లేదు. మౌసు కుడి మీట నొక్కితే వచ్చే జాబితా కురచబడినది; వెనుక అక్కడే కనిపించిన పనులలో కొన్ని మరొక మెట్టు లోపలికి పోయినవి. అలవాటైన తెలుగు కీబోర్డు అమరికను మళ్ళీ వెదికి పెట్టుకోవలసి వస్తున్నది. పాస్‌బుక్కు ముద్రించే పాత ప్రింటరును కొత్త వ్యవస్థ గుర్తించకపోతే దానిని గుర్తింపజేయగల మనిషి జిల్లా కేంద్రం నుండి రావలసి ఉంటుంది. రద్దీవేళలో యంత్రం తనంతట తాను సవరణలు వేసుకొని తిరిగి మొదలయ్యేంతవరకు, కిటికీ అవతలివారి మాటలు పడేది సాఫ్టువేరు ఇంజనీరు కాదు, మనమే.

ఇందులో మెరుగైనవి లేవని మేము అనము. అక్షరం తీర్చిదిద్దినట్లు కనిపిస్తున్నది. తెర కంటికి నెమ్మదిగా ఉన్నది. కొత్త యంత్రాలు త్వరగా మేల్కొంటున్నవి. భద్రత కట్టుదిట్టమైనది. నిజమే. కాని ఒక్కొక్క లావాదేవీకి అర నిమిషం అదనంగా పడుతున్నదనుకొందాము. రోజుకు 120 లావాదేవీలు జరిగే కౌంటరులో అది పూర్తిగా ఒక గంట. ఈ గంట ఎవరి లెక్కలో పడుతున్నది? అధికారుల నివేదికలో అప్‌గ్రేడ్ పూర్తియైనదని ఒక పంక్తి ఉంటుంది. ఉద్యోగి మధ్యాహ్న భోజన విరామంలో ఒక గంట తరుగుతుంది. ఆ గంట ఏ రిజిస్టరులోను కనిపించదు.

యువ ఉద్యోగులు ఒక్క రోజులో నేర్చుకొంటున్నారు కదా, పెద్దవారికేమి కష్టమని ఒక అధికారి వాదన. ఇరవై అయిదేళ్ళ సర్వీసులో సంపాదించిన చేతి వేగం ఉద్యోగి ఆస్తి. పాత యంత్రం మీద ఆ వేగంతోనే శాఖ లాభపడినది. ఆ వేగాన్ని ఒక్క రాత్రిలో రద్దు చేసి, తిరిగి సంపాదించుకొనే భారాన్ని మాత్రం ఉద్యోగి సొంత సమయం మీద వేయడం న్యాయం కాదు. యువ ఉద్యోగికి కూడ ఇందులో సుఖం లేదు. తన పని తాను చేసుకొంటూ, ప్రక్క బల్లలన్నిటికీ జీతంలేని శిక్షకుడుగా తిరుగుతున్నది అతడే.

పారవేయబడుతున్న యంత్రాలు

విండోస్ 11 అన్ని యంత్రాల మీద ఎక్కదు. భద్రతకు సంబంధించిన టీపీఎం 2.0 అనే ఏర్పాటు, 4 జీబీ మెమొరీ, నిర్ణీత తరానికి చెందిన ప్రాసెసరు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో సుమారుగా ఎనిమిదవ తరం, అనగా 2017 చివరి నుండి వచ్చినవి మాత్రమే అర్హమైనవి. 2016లో కొన్న యంత్రం చక్కగా పనిచేస్తున్నా అది అనర్హమే. ఈ కారణంగా ప్రపంచంలో 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పలకు చేరవచ్చునని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023లో అంచనా వేసినది. పాత యంత్రాన్నే ఉంచుకొని భద్రతా సవరణలు కొనుక్కోదలచిన సంస్థలకు ధర వేరు: మొదటి ఏడాది యంత్రానికి 61 డాలర్లు, రెండవ ఏడాది దానికి రెట్టింపు, మూడవ ఏడాది మరల రెట్టింపు. మూడేళ్ళకు మొత్తం 427 డాలర్లు. పాత గుర్రానికి గడ్డి వేయడానికి కొత్త గుర్రం ధర అడిగినట్లున్నది!

దీనికి మార్గాంతరం లేదా? ఉన్నది. ప్రభుత్వ రంగంలోని సీడాక్ సంస్థ బాస్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను భారతీయ భాషలతో సహా తయారు చేసి చాలా ఏళ్ళయినది. ప్రభుత్వ కార్యాలయాలలో ఓపెన్ సోర్స్ సాఫ్టువేరుకు ప్రాధాన్యమివ్వాలని కేంద్ర ప్రభుత్వమే 2015లో విధానం ప్రకటించినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్టువేరు మీదనే పిల్లలకు కంప్యూటరు విద్య నేర్పుతున్నవి. పిల్లలు నేర్వగలిగినది రైల్వే, తపాలా శాఖలు ఎందుకు పరిశీలించరాదు? అయితే ఒక హెచ్చరిక. ఆ మార్పు కూడ మార్పే. దానికీ వ్యవధి, శిక్షణ, ప్రయోగం కావాలి. యజమాని విదేశీ కంపెనీ అయినా స్వదేశీ శాఖ అయినా ఉద్యోగి చేయి ఒక్కటే.

తపాలా శాఖ చూపిన దారి

తపాలా సోదరులకు 2025 సంవత్సరం గోరుచుట్టు మీద రోకటిపోటు అయినది. మైసూరులోని తపాలా సాంకేతిక కేంద్రం తయారు చేసిన ఏపీటీ వ్యవస్థ ఆ ఏడాది ఆగస్టు 4 నాటికి దేశంలోని సుమారు 1.65 లక్షల పోస్టాఫీసులకు విస్తరించినది. అది స్థిరపడకముందే అక్టోబరులో విండోస్ గడువు వచ్చి పడినది. కాని ఆ మొదటి మార్పులో మనకు పనికివచ్చే సూత్రమొకటి ఉన్నది. మార్పిడి దినాలలో లావాదేవీలు జరుగవని శాఖ ప్రజలకు ముందుగానే ప్రకటించినది. 4.6 లక్షలకు పైగా సిబ్బందికి శిక్షణ ఇచ్చినట్లు ప్రభుత్వమే చెప్పినది. ఆ శిక్షణ నాణ్యతను గురించి మన సభ్యులకు చెప్పవలసినవి ఉన్నవి. అది వేరు మాట. వ్యవస్థ మారితే పని ఆగుతుంది, మనుషులకు సమయం కావాలి అనే సూత్రాన్ని శాఖ అంగీకరించినది. అప్లికేషన్ మారినప్పుడు వర్తించిన సూత్రం, దాని క్రింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు ఎందుకు వర్తించదు?

చట్టం మనలను వదిలివేసినది

ఉద్యోగ నిబంధనలలో కొన్ని మార్పులకు యజమాని 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 9ఎ సెక్షన్ శాసించినది. కాని ఆ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉన్నది. ఫండమెంటల్ రూల్సు, రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ కోడ్ వర్తించే ఉద్యోగులకు ఆ నోటీసు అక్కరలేదు! ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుండి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చినది. మన పరిస్థితి దానివలన మెరుగుపడినది లేదు. కనుక మనకు మిగిలినవి సంప్రదింపుల వేదికలు: 1966లో ఏర్పడిన సంయుక్త సంప్రదింపుల యంత్రాంగం, రైల్వేలలోని శాశ్వత చర్చల యంత్రాంగం. ఈ వేదికల మీద ఫ్యాన్లు, క్వార్టర్లు, బదిలీలు చర్చకు వస్తున్నవి. ఉద్యోగి దినమంతా ముట్టుకొనే పనిముట్టు మాత్రం రావడం లేదు. ఇకముందు రావాలి.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. 1983లోనే బ్యాంకు ఉద్యోగుల సంఘాలు యాజమాన్యాలతో కూర్చొని కంప్యూటర్ల ప్రవేశంపై ఒప్పందం కుదుర్చుకొన్నవి. యంత్రాల మీద పనిచేసేవారికి ప్రత్యేక అలవెన్సు కూడ సాధించుకొన్నవి. యంత్రం వస్తుందా రాదా అన్నది కాదు, ఏ షరతులపై వస్తుందన్నది వారు అడిగిన ప్రశ్న. నాలుగు దశాబ్దాల తరువాత కూడ సరియైన ప్రశ్న అదే.

తప్పు ఎవరి జీతంలో కోత?

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఒకటి మిగిలియున్నది. మార్పిడి దినాలలో తప్పు జరుగుతుంది. ఒక సున్న ఎక్కువ పడుతుంది, ఒక రసీదు రెండుమార్లు ముద్రితమవుతుంది. శాఖకు నష్టం కలిగించినాడని ఉద్యోగి జీతం నుండి వసూలు చేసే శిక్షకు తపాలాలో 1965 నాటి సీసీఎస్ సీసీఏ నియమాలు, రైల్వేలో 1968 నాటి డిసిప్లిన్ అండ్ అప్పీలు నియమాలు వీలు కల్పిస్తున్నవి. ఆ శిక్షకు ఆధారం నిర్లక్ష్యం. నేర్పకుండా చేతికిచ్చిన పనిముట్టుతో జరిగిన తప్పు ఎవరి నిర్లక్ష్యం? 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్టమైన సవరణతో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలబడినవి. మన విమానాశ్రయాలలో బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చినారు. ఆ దినం ఆదుకొన్నది కలము, కాగితము, వాటిని వాడనేర్చిన మనిషి. అట్టి మనిషిని మార్పిడి పేరిట దోషిగా నిలబెట్టడాన్ని మేము సహించము.

మన కోర్కెలు

1. ఆపరేటింగ్ సిస్టమ్ మార్పునకు కనీసం 30 రోజుల ముందు లిఖితపూర్వక నోటీసు ఇచ్చి, సంప్రదింపుల వేదికలలో చర్చించాలి.
2. శిక్షణ అంతా డ్యూటీ గంటలలోనే జరగాలి. ఆ దినాలలో కౌంటర్లకు ప్రత్యామ్నాయ సిబ్బందిని ఇవ్వాలి. తోటివారికి నేర్పే ఉద్యోగి సమయాన్ని డ్యూటీగా లెక్కించాలి.
3. మార్పు మొదట ఒక కౌంటరులో ప్రయోగించి, ప్రింటర్లు, తెలుగు కీబోర్డు, పాత అప్లికేషన్లు పనిచేస్తున్నవని ఉద్యోగుల సంతకంతో ధ్రువపరచిన తరువాతనే మిగిలినవాటికి వర్తింపజేయాలి.
4. మార్పు జరిగిన 90 దినాలలో దొర్లిన పొరపాట్లకు, దురుద్దేశం ఋజువైతే తప్ప, జీతం నుండి వసూళ్ళు ఉండరాదు.
5. సవరణలు పని వేళల వెలుపలనే వేయాలి.
6. కొత్త యంత్రాల కొనుగోలుకు ముందు స్వేచ్ఛా సాఫ్టువేరు మార్గాన్ని పరిశీలించి, ఆ నివేదికను సంఘాలకు అందించాలి.

బ్రాంచి కార్యదర్శులకు మా విజ్ఞప్తి. ప్రతి ఆఫీసులో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ తేదీన యంత్రం మారినది, శిక్షణ ఎన్ని గంటలు ఇచ్చినారు, ఎన్నిసార్లు కౌంటరు ఆగినది, ఎవరికి మెమో వచ్చినది అనే వివరాలు సంతకాలతో వ్రాసి ఉంచండి. అధికారుల బల్లల మీద వారి నివేదికలున్నవి. చర్చలకు వెళ్ళే మన ప్రతినిధి చేతిలో కూడ మన నివేదిక ఉండాలి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు కాకుండా చూచుకొనే బాధ్యత మందు వేసేవానిది; ఆ బాధ్యతను గుర్తుచేసే హక్కు మనది. ఆ హక్కును వాడుకొందాము.