బతుకమ్మ స్టేజీ సరే, కమిటీలో కుర్చీ ఏదీ?

1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టేనాటికి ఇరవై ఏళ్లు నిండలేదు. ఆ గడ్డ ఆడబిడ్డలకు ఇక్కడ రాస్ అల్ ఖైమాలో మనమిచ్చే పని? బతుకమ్మ నాడు స్టేజీ మీద పాట!

పాట వద్దని కాదు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి వచ్చిన కూలన్నలు చదవలేని కాంట్రాక్టు మీద సంతకం పెడుతున్నారు. కార్మికుడి పాస్‌పోర్టు యజమాని ఉంచుకోవడాన్ని యూఏఈ చట్టం ఒప్పదని ఎందరికో తెలియదు. ఇంటిపనికి వచ్చిన అక్కలు తమ గోస మగవాళ్లకు చెప్పుకోలేరు. ఆ కాగితం చదివి చెప్పే, దుబాయ్ కాన్సులేట్ దాకా అర్జీ నడిపే చదువు మన అమ్మాయిలకుంది. లేనిది కమిటీలో కుర్చీ.

మన వాటా మనకు కావాలనే కదా 2014లో రాష్ట్రం సాధించుకున్నాం! మరి వాళ్ల వాటా వాళ్లకివ్వడానికి అడ్డేమిటి? జై తెలంగాణ!